పదమూడో పానా

రాత్రిపూట మా ఎయిర్‌పోర్టులో రెండో నంబరు షెడ్డు వైపు ఎవరూ వెళ్లరు. అద్దెకార్ల వాళ్లు బళ్లు అటు తిప్పరు. మంచు తీసే బండి డ్రైవరైతే దాని ముందు మంచు సగం వదిలేసి, "మిగతాది రేపు చూద్దాంలే" అంటాడు. ఆ రేపు ఏళ్ల తరబడి రావడం లేదు.

చూడబోతే అక్కడ ఏమీ లేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో విమానాలు నిలిపేవాళ్లు. ఆ ప్రమాదం జరిగాక ఎయిర్‌పోర్టు కంచెను ఇవతలికి జరిపి, షెడ్డును బయటికి వదిలేశారు... వెలేసినట్టు. ఇప్పుడు అందులో ఎలుకలు, నా కాంటీను పాత కుర్చీలు, కిరసనాయిలు డబ్బాలు ఉంటాయి.

అవును, కాంటీను నాదే. టెర్మినల్ కింది అంతస్తులో ఎనిమిది టేబుళ్లు. పైలట్లూ నన్ను "అత్తా" అనే పిలుస్తారు, గచ్చు తుడిచేవాళ్లూ "అత్తా" అనే పిలుస్తారు. దెయ్యాల్ని నేను నమ్మను. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని అంతకంటే నమ్మను. కానీ ఇది చిబానా నా ఎదురుగా కూర్చుని, రెండు చేతులా సూప్ గిన్నె పట్టుకుని, వణుక్కుంటూ చెప్పిన మాట. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం చేతకాదు. అదే కదా ఆ పిల్ల పీకల మీదికి తెచ్చింది.

ముందు ఆ షెడ్డుకి చెడ్డపేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

విమానం మెకానిక్కులకి ఒక పద్ధతి ఉంది. గోడమీద పెద్ద బోర్డు. బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే రంగు వేసి ఉంటుంది. పానా తీస్తే ఆ ఆకారం ఖాళీగా కనిపిస్తుంది, ఊడిన పన్ను చోటులాగా. పని అయ్యాక అన్నీ తగిలించి, ఒక్కోదానికీ వేలు చూపించి, గట్టిగా చెప్పాలి. "ఒకటి, ఉంది! రెండు, ఉంది!" పక్కన వినేవాళ్లు ఎవరూ లేకపోయినా సరే, గట్టిగానే చెప్పాలి. ఒక్కటి తగ్గినా విమానం కదలకూడదు.

ఎనిమిదేళ్ల కిందట, డిసెంబరు పదిహేడు. తెల్లవారి మొదటి విమానం. ఇరవై ఒక్కమంది. లేచింది, ఎడమ పక్కకి ఒరిగింది, ఇంక నిటారు కాలేదు. నా కాంటీను కిటికీలోంచి కనిపించేంత దగ్గరలో సముద్రంలో పడింది. ఒక్క ప్రాణం కూడా మిగల్లేదు.

ముక్కలన్నీ ఏరి చూస్తే — తోకలో, చుక్కాని తిప్పే తీగల కప్పీలో ఇరుక్కుని, బెత్తెడు పానా ఒకటి దొరికింది. దాని మీద చెక్కిన అంకె పదమూడు. సరే అని రెండో షెడ్డులో బోర్డు చూశారు. అక్కడ పదమూడు పానాలూ ఉన్నాయి! చివరి దానిమీద మాత్రం అంకె లేదు.

ముందు రాత్రి పని చేసిన మెకానిక్కు పేరు కువబతా తెత్సుజి. లెక్క చూసుకుంటే ఒకటి తగ్గింది. తగ్గిందని చెబితే విమానం ఆపాలి. నడిరాత్రి మంచులో పదిమందిని లేపాలి. పైవాళ్లు ప్రయాణికుల ముందు తలలు వంచాలి. మావాళ్లు ఆకలినైనా ఓర్చుకుంటారు, చలినైనా ఓర్చుకుంటారు, తమవల్ల నలుగురికి ఇబ్బంది అంటే మాత్రం ఓర్చుకోలేరు. బయట మంచులో ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాడు. అచ్చం అలాంటిదే తన సొంత పానా తెచ్చి ఆ ఖాళీలో తగిలించాడు. వేలు చూపించాడు.

"పదమూడు, ఉంది!"

విచారణలో ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. తల వంచుకుని కూర్చున్నాడు, అంతే. పోయినవాళ్ల ఇళ్లకి ఒక్కో ఇంటికీ వెళ్లి గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొందరు తలుపు తీశారు. చాలామంది తీయలేదు. రెండేళ్లు తిరక్కుండానే, ఒక చలికాలం పొద్దున, ఆయనా లేవలేదు.

ఆ ఏడాది నుంచే మొదలైంది... గొంతు.

గేటు దగ్గర కాపలా ఉండే నోనాకా ముందు విన్నానన్నాడు. అతగాడి నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి ఎయిర్‌పోర్టు అంతా తెలిసింది. నెలనెలా పదిహేడో తారీఖున, తెల్లవారుజామున మూడింటి వేళ, తాళం వేసిన షెడ్డులోంచి ఎవరో లెక్కపెడుతున్నారట. సన్నగా, గాలిలో తేలుతూ...

"ఒకటి, ఉంది... రెండు, ఉంది..."

పన్నెండు దాకా అంటుంది. ఆగిపోతుంది.

"అక్కడ ఆగినంతకాలం భయం లేదు," అనేవాడు నోనాకా నా టేబుల్ మీద మోచేతులు పెట్టి. "పదమూడు వినపడిందా — విన్నవాళ్లు చెయ్యి వేసిన విమానం ఇంక వెనక్కి రాదు."

"నువ్వు విన్నావా పదమూడు?"

"వింటే ఇక్కడ కూర్చుని నీ ముల్లంగి పులుసు ఎందుకు తింటానత్తా?"

"డబ్బులిచ్చి తింటే నేనూ నమ్మేదాన్ని," అన్నాను.

అయినా మర్నాడు చూస్తే గేటు గదికి రెండు పక్కలా చిట్టి ఉప్పు కుప్పలు పోసి ఉన్నాయి. దెయ్యం రాకుండా. ఇప్పటికీ పోస్తాడు.

ఇక చిబానా సంగతి.

చిబానా మియో. ఇరవై అయిదేళ్లు. దక్షిణాన దీవుల్లో పుట్టిన పిల్ల, చలికి చెవులు ఎర్రబడతాయని కూడా తెలియకుండా పెరిగింది. తండ్రిది చేపల పడవ. ప్రమాదం తర్వాత పాత కంపెనీ మూతపడి కొత్త కంపెనీ వచ్చింది, కొత్తవాళ్లు వచ్చారు, వాళ్లలో చిబానా ఒకతి. మా షెడ్డుల్లో మెకానిక్కు పని చేసే ఆడపిల్ల తనొక్కతే.

"అత్తా, ఈ మంచు ఎప్పుడాగుతుంది?"

"ఏప్రిల్లో."

"ఇది డిసెంబరే కదా!"

"అందుకే ఇంకో గిన్నె అన్నం తిను."

అలా నవ్వుతూ ఉండేది మొదట్లో. జనవరిలో ఆ నవ్వు పోయింది. ఒకరోజు పొద్దున ఇంజను దగ్గర ఏదో కమురు వాసన వచ్చిందని చెప్పింది. విమానం ఆపారు. అంతా విప్పి చూశారు, ఏమీ లేదు. ప్రయాణికులు కౌంటరు మీద చేతులతో కొట్టి అరిచారు. చీఫ్ ఎబిహారా గారు — ఆయన పాత కంపెనీ నుంచి మిగిలిన ఒకే ఒక్క మనిషి, మాటలు పొదుపు — "నీ తప్పేం లేదు, చిబానా" అన్నారు. మిగతావాళ్లు ఏమీ అనలేదు. అనకపోవడమే వచ్చిన చిక్కు.

మర్నాటినుంచి భోజనం వేళ ఆ పిల్ల పక్క కుర్చీ ఖాళీ. ఎదుటి కుర్చీ ఖాళీ. ఎవరూ పోట్లాడరు, తిట్టరు, పలకరిస్తే పలుకుతారు. అంతే. నలుగురిలో ఉండి ఒంటరైపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. నేను వడ్డించే నెపంతో అక్కడ రెండు నిమిషాలు నిలబడేదాన్ని.

"అత్తా, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంటికి వెళ్లిపోతాను," అంది ఒకరోజు. "వాళ్లు పంపరు. నేనే వెళ్లిపోతాను."

ఫిబ్రవరి పదహారు రాత్రి పెద్ద మంచు కురిసింది. ఆఖరి విమానం దిగింది, ఒకటో షెడ్డులోకి తోశారు. ఆ రాత్రి తోకలో తీగల తనిఖీ. ఇద్దరు చేయాల్సిన పని. రెండో మెకానిక్కుకి జ్వరం.

చీఫ్ ఫోన్ చేశారు. "ఒక్కదానివి చేయగలవా?"

"చేయగలనండి."

"లెక్క జాగ్రత్త."

ఒకటో షెడ్డుకీ రెండో షెడ్డుకీ మధ్య కంచె, కంచెకి అటూ ఇటూ పది అడుగులు. రేకు గోడలు. గాలి కొడితే రెండూ కలిసి మూలుగుతాయి. రాత్రంతా ఆ మూలుగు వింటూ చిబానా తోకలో దూరి పని చేసింది. రెండున్నరకి అయిపోయింది. తలుపులు మూసింది, చేతులు తుడుచుకుంది, బోర్డు ముందు నిలబడింది. వేలు ఎత్తింది.

"ఒకటి, ఉంది! రెండు, ఉంది!"

ఖాళీ షెడ్డులో తన గొంతే తిరిగి వచ్చి తనకి తగులుతోంది.

"పదకొండు, ఉంది! పన్నెండు, ఉంది! పద..."

పదమూడో చోట పానా లేదు. రంగు వేసిన ఆకారం ఒక్కటే ఉంది.

ఇరుకు చోట్లలో వాడేది ఆ చిన్న పానాయే. తోకలో వాడింది దాన్నే. చిబానా జేబులు తిరగేసింది. బండి కింద చూసింది. బూట్లు విప్పి దులిపింది. నీళ్ల తూము మూత తీసి టార్చి వేసింది. తోక తలుపు మళ్లీ తెరిచి చెయ్యి పెట్టింది, భుజం దాకా పెట్టింది. అందినంత మేరా ఏమీ లేదు. అందని మేర చూడాలంటే రేకులు విప్పాలి, ముగ్గురు నలుగురు కావాలి, గంటలు పడుతుంది. విమానం ఏడూ పదికి. ముప్పై నాలుగు మంది.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. పెట్టేసింది.

నెల తిరక్కముందే రెండోసారి. మంచులో అందర్నీ లేపాలి. మళ్లీ కౌంటరు మీద అరుపులు, మళ్లీ ఖాళీ కుర్చీలు. విప్పాక ఏమీ దొరక్కపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చిబానా లాకరులో ఒక పానాల సెట్టు ఉంది. చదువు అయిన రోజు వాళ్ల నాన్న కొనిచ్చింది. అదే కంపెనీది, అవే కొలతలు.

"తప్పని తెలుసత్తా," అంది నాతో. "ఆ పాత కథ తెలుసు. పనిలో చేరిన మొదటి రోజే మాకు చెబుతారు. అయినా నా కాళ్లు లాకరు దగ్గరికి వెళ్లాయి. బయట మంచులో పడి ఉంటుందిలే అనిపించింది. పొద్దున వెతికి, దొరికాక మార్చేద్దాం అనిపించింది."

తన పానా తెచ్చింది. ఖాళీలో తగిలించింది. సరిగ్గా సరిపోయింది.

ఇంక మిగిలింది ఒక్కటే — వేలు చూపించి చెప్పడం. చూసేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. వేలు ఎత్తింది. నోరు తెరిచింది.

మాట రాలేదు.

అప్పుడు... పక్క షెడ్డులోంచి...

"ఒకటి... ఉంది..."

గాలేమో అనుకుంది. గాలికి అంకెలు రావు కదా.

"రెండు... ఉంది... మూడు... ఉంది..."

తాళం వేసిన షెడ్డు. గడియారం మూడు దాటింది. తారీఖు పదిహేడు. నోనాకా చెప్పిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. వేలు అలాగే బోర్డు వైపు ఎత్తి ఉంది, దించుదామంటే దిగడం లేదు. సన్నటి గొంతు, ఆడగొంతో మగగొంతో తెలియని గొంతు, తొందరేం లేకుండా ఒక్కో అంకే చెబుతోంది. చిబానా వేలు ఒక్కో పానా మీదికీ దానంతటదే జరుగుతోంది.

"పదకొండు... ఉంది..."

"పన్నెండు... ఉంది..."

ఆగింది.

ఇక్కడే ఆగిపోతుంది, ఇంక ఏమీ ఉండదు, నోనాకా చెప్పాడుగా, అని చిబానా తనలో తాను గొణుక్కుంటోంది. వేలు పదమూడో పానా మీద ఉంది. నాన్న కొనిచ్చిన పానా దీపం వెలుగుకి మెరుస్తోంది.

గాలి ఆగింది.

టప్... టప్...

చేతి తొడుగుతో తొడ మీద కొట్టుకున్నట్టు, రెండు దెబ్బలు. తర్వాత బొంగురుగా, మెల్లగా...

"పదమూడు... లేదు."

కాసేపటికి చూసుకుంటే నేల మీద కూర్చుని ఉందట. ఎంతసేపు కూర్చుందో తెలియదు. లేచి, మొదట చేసిన పని — నాన్న పానాని బోర్డు మీంచి తీసేసింది. తర్వాత ఫోన్ చేసింది.

"చీఫ్... లెక్క తగ్గింది."

అవతల దుప్పటి తొలగించిన చప్పుడు.

"ఎన్నోది?"

"పదమూడోది."

"నువ్వు చెప్పావు. మంచిపని చేశావు. ఏదీ ముట్టుకోకు, వస్తున్నా."

ఇరవై నిమిషాల్లో వచ్చారు, కోటు కింద పడుకునే బట్టలతో. వెనకాల ఒక్కొక్కరే వచ్చారు, మంచు దులుపుకుంటూ, కళ్లు నులుముకుంటూ. ఒక్కరూ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండును అనిపించింది చిబానాకి.

ఈలోగా నోనాకా టార్చి పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు. "చీఫ్! రెండో షెడ్డు ముందు అడుగులున్నాయి!"

ఎబిహారా గారు వెళ్లి చూశారు, చిబానా కూడా వెళ్లింది. కొత్త మంచు మీద ఒకే ఒక్క మనిషి అడుగులు. టెర్మినల్ వైపు నుంచి షెడ్డు తలుపు దాకా వచ్చాయి, మళ్లీ తిరిగి వెళ్లాయి. ఇంకెవరివీ లేవు.

"దెయ్యానికి బూట్లు ఉంటాయా చీఫ్?" అన్నాడు నోనాకా, పళ్లు కొట్టుకుంటూ.

చీఫ్ ఆ అడుగుల వంక చూస్తూ ఉండిపోయారు. "పక్కనుంచి నడువు," అన్నారు. "వాటిని తొక్కకు."

ఆరూ నలభైకి దొరికింది. తోకలో నాలుగు రేకులు విప్పాక, చెయ్యి అందని మూల, తీగల కప్పీకి జానెడు దూరంలో. విమానం ఒకసారి ఒరిగితే చాలు, జారి అందులో పడేది. దాన్ని బయటికి తీసినవాడు అందరికీ ఎత్తి చూపించాడు.

ఆ రోజు మొదటి విమానం వెళ్లలేదు. నోనాకా చెప్పిన జోస్యం ప్రకారం చూస్తే అది వెనక్కి రాలేదన్నది నిజమే, అసలు వెళ్లలేదు కాబట్టి. ముప్పై నాలుగు మంది అరవాల్సినంతా అరిచారు. చిబానా చీఫ్ పక్కన నిలబడి నడుం దాకా వంగి క్షమాపణ చెప్పింది. అరిచినవాళ్లంతా సాయంత్రం రైల్లో ఇళ్లకి చేరారు. ఎందుకు చేరారో వాళ్లకి తెలియదు.

క్షమాపణలు అయ్యాక చీఫ్ గోడ పక్క మిషన్లో నాణేలు వేసి, వేడి మొక్కజొన్న సూప్ డబ్బా ఒకటి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారట. మధ్యాహ్నం భోజనానికి ఆయన తన పళ్లెం తెచ్చుకుని ఆ పిల్ల ఎదురుగా కూర్చోవడం నేనే చూశాను. ఆయన కూర్చున్నాక ఇంకొకడు వచ్చాడు. తర్వాత ఇంకొకడు. వెళ్లేటప్పుడు ఎబిహారా గారు నా కౌంటరు ముందు ఆగి, నాకు లోతుగా వంగి ఒక దండం పెట్టి వెళ్లారు.

"ఆయన మీకెందుకు అలా వంగారత్తా?" అంది చిబానా.

"ముల్లంగి బాగుందేమో," అన్నాను.

అందరూ వెళ్లిపోయాక ఇదంతా చెప్పింది నాకు. గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. పులుసు చల్లారిపోయింది.

"ఒక్కటి చెప్పు," అన్నాను. "ఆడగొంతా, మగగొంతా?"

ఆలోచించింది. "పన్నెండు దాకా... ఆడగొంతేనేమో. ఇప్పుడు అడిగితే అలాగే అనిపిస్తోంది. కానీ చివరిది కాదత్తా. చివరిది కాదు. అలసిపోయిన మగగొంతు."

"నీ నోటి నుంచే వచ్చిందేమో. భయంలో."

"నా తొడ మీద నేను కొట్టుకోలేదు కదా!"

ఇదంతా వింటున్న నీ దగ్గర ఇక దాచడం ఎందుకు. ఆ దెయ్యం నేనే.

ఆరేళ్లుగా నెలనెలా పదిహేడున, తెల్లవారుజామున, కాంటీను తాళాల గుత్తి పట్టుకుని ఆ షెడ్డుకి వెళ్లేది నేనే. మంచు మీద అడుగులు నావే. తెత్సుజి నా మొగుడు. ఆయన పోయాక పుట్టింటి పేరు పెట్టుకున్నాను. కొత్తవాళ్లకి, ఆ తర్వాతే గేటు దగ్గర చేరిన నోనాకాకి తెలియదు. పాతవాడు ఎబిహారా గారు, ఆయనకి తెలుసు, ఏనాడూ అనలేదు. ఊరు విడిచి పొమ్మన్నారు మావాళ్లు. ఎక్కడికి పోతాను? ఆయన తప్పు ఉన్నచోటే కదా నేనూ ఉండాలి.

ఇంట్లో కూడా అంతే ఆయన. పడుకోబోయే ముందు తొడ మీద రెండుసార్లు చరుచుకుని, వేలు చూపించి, "గ్యాసు, కట్టేశాను! తలుపు, వేశాను!" నేను నవ్వేదాన్ని. ప్రమాదం తర్వాత ఆ రెండేళ్లూ ఆ మాటలు లేవు. పొయ్యి ఆరిందో లేదో నేనే లేచి చూసుకునేదాన్ని.

ఆ షెడ్డు బోర్డు ఇంకా గోడకే ఉంది. పనిముట్లు విచారణవాళ్లు పట్టుకెళ్లారు, రంగు ఆకారాలు మిగిలాయి. వాటి ముందు ఒక కప్పు టీ పెట్టి, ఆయన బదులు నేను లెక్క చెబుతాను. పన్నెండు దాకా చెబుతాను. పదమూడు దగ్గర "ఉంది" అనలేను, అది అబద్ధం. "లేదు" అనలేను, అది నేను అనాల్సిన మాట కాదు. అందుకని ఆగిపోతాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ అంకె నా నోట రాలేదు.

ఆ రాత్రీ అంతే. అదే బోర్డు ముందు నిలబడ్డాను. పన్నెండు అన్నాను. ఆగాను. గాలి ఆగింది, అది గుర్తుంది. ఆ తర్వాత నాకు ఏమీ వినపడలేదు. తాళం వేసి వచ్చి అన్నం పొయ్యి మీద పెట్టాను.

గోడ అవతల ఉన్న పిల్లకి వినపడింది. పక్కన నిలబడిన నాకు వినపడలేదు.

ముందు కోపం వచ్చింది. నిజమే చెబుతున్నాను, ఒళ్లు మండింది. తర్వాత గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. ఎందుకంటే ఇంకొకటి ఉంది, అది విచారణవాళ్లకి కూడా తెలియదు. ఆ డిసెంబరు రాత్రి ఆయన ఇంటికొచ్చాడు. మూడింటికి. అలమరలో పనిముట్ల పెట్టె తెరిచిన చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది.

"ఏం వెతుకుతున్నారు?" అన్నాను దుప్పట్లోంచి.

ఆయన పెట్టె పక్కన అలా కూర్చునే ఉన్నాడు. ఇంకొక్క మాట అడిగితే చెప్పేసేవాడు. ఇప్పుడు నాకు ఆ సంగతి బాగా తెలుసు.

"నువ్వు పడుకో," అన్నాడు చివరికి.

పడుకున్నాను.

పోయిన నెల పదిహేడున కూడా వెళ్లాను. టీ రెండు కప్పులు తీసుకెళ్లాను ఈసారి. పన్నెండు దాకా చెప్పాను. ఆగాను. వెంటనే తాళం వేసుకుని వచ్చేయలేదు. పాత కుర్చీ ఒకటి లాగి బోర్డు ముందు వేసుకుని కూర్చున్నాను. టీ చల్లారింది. అన్నం పెట్టే వేళ దాటింది. రేకుల సందుల్లోంచి తెల్లబడుతోంది.

"ఈసారి నేను పడుకోలేదండీ," అన్నాను. "మేలుకునే ఉన్నాను. చెప్పండి."